మూడు వందల ఎనభై గజాలు

బావ ఫోన్ చేసినప్పుడు తిరువూరులో కరెంటు లేదు. జులై నెల, రాత్రి తొమ్మిదిన్నర. నాన్న వరండాలో మంచం వాల్చుకుని విసనకర్రతో దోమల్ని తోలుకుంటున్నాడు. నేను ఇరవై శాతం బ్యాటరీ మిగిలిన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, హైదరాబాద్‌లో ఉన్న మేనేజర్‌కి ఇవాళ కూడా బిల్డ్ ఎందుకు పోయిందో రాస్తున్నాను. కోవిడ్ తరవాత నెలలో మూడు వారాలు నా ఆఫీసు ఈ వరండాయే.

"బామ్మర్దీ, ఒక పని చేసిపెట్టాలి. రైఫిల్ కొందామనుకుంటున్నా. సెమీ ఆటోమేటిక్ కావాలి, మాగ్నమ్ కావాలి, లాంగ్ రేంజికి పనికిరావాలి. జింకల వేటకి. ఏది మంచిదో చూసి చెప్పు."

మా ఇంట్లో నాకు ఈ ఉద్యోగం ఎప్పుడు పడిందో గుర్తులేదు. ఫ్రిజ్ కొనాలన్నా, నాన్న చెవి మెషీన్ కొనాలన్నా, పెద్దమ్మ వాళ్ళు ఇన్సూరెన్స్ తీసుకోవాలన్నా చూసి చెప్పేది నేనే. ఎక్సెల్ షీట్ పంపిస్తాను, వాళ్ళు చివరి వరసలో పచ్చరంగు వేసిన పేరు చూసి కొనుక్కుంటారు. అయినా తుపాకీ ఏమిటి? నేను జీవితంలో పేల్చిన ఒకే ఒక తుపాకి నెమలి తిరనాళ్ళలో బుడగల్ని కొట్టేది. అదే చెప్పాను.

"నువ్వు పేల్చక్కర్లేదురా. చదివితే చాలు," అన్నాడు బావ.

బావ అంటే మా మేనత్త కొడుకు. ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో ఉంటాడు. పదకొండేళ్ళుగా గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నాడు. ముందు పిట్స్‌బర్గ్‌లో ఉండేవాడు, తరవాత టెక్సాస్ వచ్చాడు. హెచ్-1బి మీద ఉన్నవాడికి తుపాకి ఎవరిస్తారని అడిగితే అతను చెప్పింది విని నేను నమ్మలేదు, తరవాత చట్టం తీసి చదివాను. నిజమే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. కానీ కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం. అది ఉంటే దర్జాగా షాపుకి వెళ్ళి కొనుక్కోవచ్చు. అంటే మనవాడికి ఆ దేశంలో తుపాకి పట్టే హక్కు జింక ద్వారా వస్తుందన్నమాట. వేటాడే ఉద్దేశం ఏమాత్రం లేకుండా, ఇంట్లో పిస్తోలు పెట్టుకోడానికి మాత్రమే వేట లైసెన్సు తీసుకునే మనవాళ్ళు అక్కడ ఉన్నారని బావ అన్నాడు. అతను అలా కాదు. ఆన్‌లైన్‌లో వేట శిక్షణ కోర్సు పూర్తి చేశాడు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళందరికీ అది తప్పనిసరి. పరీక్ష రాసి, డబ్బు కట్టి, కార్డు తెచ్చుకున్నాడు.

"ఈ దేశంలో నన్ను ఎప్పుడు వెళ్ళిపోతావ్ అని అడక్కుండా ఇచ్చిన కార్డు ఇదొక్కటేరా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నాకు తిరిగి నవ్వాలో వద్దో తెలియలేదు.

ఆ రాత్రి కరెంటు వచ్చాక చదవడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఆ తరవాత మూడు వారాలు నేను చాలా సంతోషంగా ఉన్నాను. పుస్తకాల మీద వ్యాసాలు రాసే అలవాటున్నవాళ్ళకి ఈ జబ్బు ఉంటుంది. తెలియని లోకం ఒకటి దొరికితే చాలు, దాని పదజాలం, దాని తగాదాలు, దాని కుల వ్యవస్థ అన్నీ నేర్చేసుకోవాలనిపిస్తుంది. తుపాకుల లోకంలో ఇవన్నీ దండిగా ఉన్నాయి. బోల్ట్ యాక్షన్ వాళ్ళు సెమీ ఆటో వాళ్ళని చిన్నచూపు చూస్తారు. పాత కాట్రిడ్జ్ అభిమానులు కొత్త వాటిని మార్కెటింగ్ అంటారు. మన సాహిత్య గోష్టుల్లో కూర్చున్నట్టే ఉంది.

మాగ్నమ్ అంటే మామూలు తూటా కంటే ఎక్కువ మందు పట్టేది. అంతకన్నా లోతైన అర్థం వెతకనవసరం లేదు. రెమింగ్టన్ వాళ్ళు 1962లో 7 మి.మీ. రెమింగ్టన్ మాగ్నమ్ తెచ్చారు. మరుసటి ఏడు వించెస్టర్ వాళ్ళు .300 విన్ మాగ్ తెచ్చారు. అరవై ఏళ్ళు గడిచినా ఈ రెండూ ఇంకా దుకాణాల్లో సులువుగా దొరికే మాగ్నమ్‌లు. .300లో 180 గ్రెయిన్ల గుండు, అంటే పన్నెండు గ్రాములకి కాస్త తక్కువ, గొట్టం దాటేటప్పుడు సెకనుకి సుమారు 900 మీటర్ల వేగంతో పోతుంది. మా ఇంటి నుంచి బస్టాండుకి సెకను కూడా పట్టదు. ఈ లెక్క వేసుకుని నాలో నేనే మురిసిపోయాను.

ఇక సెమీ ఆటోమేటిక్. ఒకసారి మీట నొక్కితే ఒక గుండే పోతుంది, కానీ ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా దానంతటదే లోపలికి వస్తుంది. చేత్తో బోల్టు వెనక్కి లాగి తొయ్యక్కర్లేదు. పేలిన మందు నుంచి పుట్టే గ్యాసులో కొంత ఆ పని చేసిపెడుతుంది. అదే గ్యాసు వల్ల భుజానికి తగిలే దెబ్బ కూడా కాస్త సాగినట్టై మెత్తగా అనిపిస్తుందట. మాగ్నమ్‌లాంటి మొరటు తూటాకి ఇది పెద్ద వరం. కానీ మాగ్నమ్ తూటా ఒత్తిడికి, పొడవుకి తట్టుకునే సెమీ ఆటో చెయ్యడం సులువు కాదు కాబట్టి ఆ రకం వేట రైఫిళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. అందులో అందరూ ముందు చెప్పే పేరు బ్రౌనింగ్ బిఎఆర్. 1918 నాటి ప్రసిద్ధ సైనిక తుపాకి పేరే దీనిదీ, కానీ రెండిటికీ పోలిక లేదు. అది జాన్ బ్రౌనింగ్ చేసింది, ఇది ఆయన మనవడు బ్రూస్ బ్రౌనింగ్ 1960ల్లో చేసిన వేట రైఫిల్. విడిభాగాలు బెల్జియంలో, కూర్పు పోర్చుగల్‌లో. మాగ్నమ్ రకంలో మ్యాగజైన్‌లో మూడు తూటాలు పడతాయి. బరువు మూడున్నర కిలోలు. దీనికి పోటీగా ఇటలీ వాళ్ళ బెనెల్లి ఆర్1. ఇవి కాక ఏఆర్ వాటంలో మాగ్నమ్‌కి చేసిన బండ రైఫిళ్ళు కొన్ని ఉన్నాయి. ఖరీదు, బరువు రెండూ చూసి బావే వద్దన్నాడు.

షీట్ తయారైంది. మోడల్, తూటా, బరువు, గొట్టం పొడవు, మ్యాగజైన్, ధర, ఎక్కడ దొరుకుతుంది. మధ్యలో జి కాలమ్‌కి "వ్యాఖ్య" అని పేరు పెట్టుకున్నాను. అది నాకోసం.

మధ్యలో ఒకటి చెప్పాలి. బావ ఇంకా పిట్స్‌బర్గ్‌లోనే ఉండి ఉంటే ఈ ఫోనే వచ్చేది కాదు. పెన్సిల్వేనియాలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో జింకని కొట్టడం నిషేధం. కొలరాడోలో కొట్టొచ్చు కానీ మ్యాగజైన్‌లోనూ గొట్టంలోనూ కలిపి ఆరు తూటాలు దాటకూడదు. ఒహాయోలో అసలు ఇలాంటి సీసా మెడ తూటాల రైఫిల్‌తో జింకల వేటకే వెళ్ళకూడదు. జింక ఒకటే, దేశం ఒకటే. ఏ గీత ఏ పక్కన నిలబడ్డావన్నదే ప్రశ్న. తిరువూరువాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మాకు ఐదారు కిలోమీటర్లు పోతే రాష్ట్రమే మారిపోతుంది.

రెండో వారానికల్లా నాకు ఒక సంగతి అర్థమైంది. బావ అడిగిన వాక్యంలోని మాటలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. సెమీ ఆటో ఎందుకు? మొదటి గుండు తప్పితే రెండోది వెంటనే వెయ్యడానికి. అది దగ్గరి వేటలో, పొదల్లోంచి దూసుకుపోయే అడవిపంది మీద పనికొచ్చే గుణం. లాంగ్ రేంజిలో పనికొచ్చేది దానికి సరిగ్గా వ్యతిరేకం, ఒక్క గుండు, నిదానం, ఊపిరి బిగబట్టడం. అందుకే దూరం కొట్టేవాళ్ళు దాదాపు అందరూ బోల్ట్ యాక్షనే వాడతారు. మాగ్నమ్ ఎందుకు? దూరానికి, లేదా ఎల్క్‌లాంటి మూడు వందల కిలోల జంతువుకి. టెక్సాస్ హిల్ కంట్రీ జింక యాభై అరవై కిలోలుంటుంది. మనిషంత. జిమ్ కార్బెట్‌కి 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా వచ్చింది .275 రిగ్బీ. ఈ మాగ్నమ్‌ల పక్కన పెడితే అది చాలా వినయమైన తూటా. దాంతో ఆయన మనుషుల్ని తిన్న పులుల్ని వేటాడాడు. మొక్కజొన్న గింజలు మేసే జింకకి అంతకంటే పెద్దది ఎందుకన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది.

ఆ జింకలు నిజంగా మొక్కజొన్నే మేస్తాయి. టెక్సాస్‌లో సొంత భూముల్లో ఎర వెయ్యడం చట్టబద్ధం. టైమరు పెట్టిన డబ్బా పొద్దునా సాయంత్రం గింజలు చల్లుతుంది. వంద గజాల దూరంలో చెక్క గుడిసెలాంటిది ఉంటుంది, వేటగాడు అందులో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వంద గజాలకి ఏ రైఫిలైనా సరిపోతుంది. మరి బావకి ఐదు వందల గజాలు కొట్టే రైఫిల్ దేనికి?

అడగలేదు. అడగాల్సింది. జి కాలమ్‌లో మాత్రం లెక్క రాసుకున్నాను. 200 గజాలకి గురి సరిచేసిన .300 రైఫిల్‌తో 500 గజాలకి కొడితే గుండు దాదాపు మీటరు కిందికి దిగుతుంది. దాన్ని లెక్కగట్టొచ్చు, స్కోపు తిప్పొచ్చు. గంటకి పది మైళ్ళ అడ్డగాలి వీస్తే అర మీటరు పక్కకి పోతుంది. దాన్ని అంచనా వెయ్యాలి. రైఫిల్ వంద గజాలకి రెండంగుళాల చుట్టులో కొడితే ఐదు వందలకి అది పదంగుళాలు, అంటే జింక గుండెకాయ, ఊపిరితిత్తులు కలిపి ఉండే చోటంత. ఇక ఏ పరికరమూ సరిచెయ్యలేనిది మరొకటుంది. గుండు అంతదూరం పోవడానికి 0.6 సెకను పడుతుంది. మీట నొక్కాక జింక ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, గుండెకని వదిలిన గుండు పొట్టలో దిగుతుంది. ఇదంతా రాసి చివర "200 దాటితే వద్దు" అని పెట్టాను.

తరవాత షీట్ పంపేముందు చూస్తే ఆ కాలమ్ అడ్డదిడ్డంగా, పొడుగ్గా ఉంది. మిగతావన్నీ నీటుగా అంకెలు, ఇదొక్కటే పేరాలు. రైట్ క్లిక్ చేసి హైడ్ కొట్టాను. బ్రౌనింగ్ బిఎఆర్, .300 విన్ మాగ్ వరసకి పచ్చరంగు వేశాను.

ఆఫీసులో కూడా ఇదే చేస్తాను. క్లయింట్ అడిగింది తప్పని తెలిసినా, అడిగింది అడిగినట్టు చేసిస్తే ఎవరూ ఏమీ అనరు.

షీట్ పంపిన రాత్రి నాన్నతో చెప్పాను, బావ రైఫిల్ కొంటున్నాడని. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "వాడికి మా నాన్న పోలికే వచ్చింది," అన్నాడు.

తాతయ్యకి ఒంటిగొట్టం పన్నెండో బోరు తుపాకి ఉండేది. లైసెన్సు పంట రక్షణకి. మామిడితోటలోకి పందులొచ్చేవి, కోతులొచ్చేవి. కానీ 1972కి ముందు ఆయన చేసింది పంట రక్షణ ఒక్కటే కాదు. పెనుబల్లి దాటి కనకగిరి గుట్టల వైపు వేటకి పోయేవాడు. కూడా ఏ.కొండూరు వైపు తండా నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు, జాడ తీయడానికి. వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది 1972లో. అలాంటి చట్టం చెయ్యమని పార్లమెంటుని కోరుతూ తీర్మానం చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తాతయ్య ఆ తరవాత అడవి వైపు పోలేదు. ఇష్టపడి మానెయ్యలేదు. కేసవుతుందని మానేశాడు. మా ఇంట్లో ఈ విషయం మీద ఎవరికీ భ్రమలు లేవు.

నాన్నకి ఎనిమిదేళ్ళప్పుడు, 1966లో, ఒక్కసారి ఆయన్ని కూడా తీసుకెళ్ళాడట. సాయంత్రం వాగు దగ్గర దుప్పుల మంద నీళ్ళకి దిగింది. ఎల్జీ తూటాలో ఉండేవి పెద్ద రవ్వలు, నలభై అడుగులు దాటితే చెల్లాచెదురైపోతాయి. తాతయ్యకి ఆరోజు తొందరైంది. అరవై అడుగుల నుంచి పేల్చాడు. దుప్పి పడలేదు. ఎగిరి పొదల్లోకి పోయింది.

ఆ తరవాత జరిగింది నాన్న నాకు చాలాసార్లు చెప్పాడు, ప్రతిసారీ ఒకేలా చెప్పాడు. తండా పెద్దాయన ఆకుల మీద రక్తం వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నురగ ఉంటే ఊపిరితిత్తి, దూరం పోదు. నల్లగా ఉంటే కాలేయం, ఆగి వెతకాలి. గడ్డి వాసనేస్తే పొట్ట, అప్పుడు రాత్రంతా పడుతుంది. గడ్డి వాసనేసింది. రాత్రంతా పట్టింది. ఒక బ్యాటరీ లైటు, అది కూడా అర్ధరాత్రి ఆరిపోయింది. నాన్నని ఒక చెట్టు మొదట్లో కూర్చోబెట్టి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఇంకొంచెం ముందుకి తీసుకెళ్ళి. తెల్లవారుతుండగా వాగు మలుపులో దొరికింది, బతికే ఉంది, లేవలేకపోతోంది. పెద్దాయన కత్తి తీశాడు. తాతయ్య దాని తల పట్టుకున్నాడు. ఆయన చేతులు వణకడం అదే మొదటిసారి, అదే చివరిసారి చూశానంటాడు నాన్న. ఆరోజు ఇంట్లో కూర వండారు, అందరూ తిన్నారు. నాన్న తినలేదు, అప్పట్నుంచీ తినడు. తాతయ్య ఆరేళ్ళపాటు వేట కొనసాగించాడు. కాకపోతే ఆ తరవాత ముప్ఫై అడుగులు దాటి ఎప్పుడూ పేల్చలేదట. ఒట్టి చేతుల్తో తిరిగొచ్చిన రోజులే ఎక్కువట.

తెలుగులో వేట గురించి చదవాలంటే అల్లం శేషగిరిరావు దగ్గరికే పోవాలి. విశాఖలో రైల్వే ఉద్యోగం చేస్తూ, స్వయంగా తుపాకి పట్టిన అనుభవంతో రాసిన మనిషి. 'చీకటి' కథని నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చదివాను, సాహసగాథ అనుకుని. తీరా చూస్తే అందులో ఎదురుచూపే ఎక్కువ, పేల్చడం తక్కువ. తుపాకి పట్టుకున్నవాడి కంటే పక్కన కూర్చున్న డిబిరిగాడే పెద్ద మనిషిగా కనిపిస్తాడు. ఆయన కథల్ని ఈమధ్య కొందరు పర్యావరణ సాహిత్యం కింద చదువుతున్నారు. తప్పు కాదు కానీ నాకు కొంచెం తొందరపాటుగా అనిపిస్తుంది. ఆ కథల బలం జంతువు మీద జాలిలో లేదు, దగ్గరతనంలో ఉంది. చంపేవాడు, చచ్చేది, జాడ తీసేవాడు ఒకే బురదలో ఉంటారు. ఎవరు ఏం చేశారో ఎవరికీ దాచుకునే వీలుండదు. తాతయ్య ముప్ఫై అడుగుల నియమం కూడా జాలి వల్ల పుట్టిందని నేననుకోను.

మాగ్నమ్ కొంటే నిజంగా కొనేది ఆ దగ్గరతనం లేకపోవడాన్ని. ఈ మాట నాకు ఆగస్టులో తట్టలేదు. నవంబరులో తట్టింది.

టెక్సాస్‌లో జింకల సీజను నవంబరు మొదటి శనివారం తెరుచుకుంటుంది. బావ రెండో వారాంతం వెళ్ళాడు, లానో వైపు, ఒకరోజు లీజుకి డబ్బు కట్టి. ఆదివారం పొద్దున ఏడున్నరకి నేను కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది. అక్కడ శనివారం రాత్రి ఎనిమిది.

"కొట్టాను. దొరకలేదురా."

విషయం ముక్కలు ముక్కలుగా చెప్పాడు. సాయంత్రం దాకా గుడిసెలో కూర్చున్నాడు. గింజల డబ్బా దగ్గరికి రెండు ఆడజింకలు, పిల్లలు వచ్చాయి, వదిలేశాడు. పొద్దు వాలుతుండగా కరెంటు తీగల కింద చెట్లు కొట్టేసిన బాట చివర మగది ఒకటి కనిపించింది. రేంజ్‌ఫైండర్ మూడు వందల ఎనభై గజాలు చూపించింది. "రైఫిల్ ఐదు వందలకి పనికొస్తుందని నువ్వే అన్నావ్ కదా, ఇది తక్కువే కదా అనుకున్నా." పేల్చాడు. జింక వెనక భాగం ఒక్కసారి కుంగింది, లేచి పరిగెత్తింది. అతను ఏం చేస్తున్నాడో అతనికి తెలిసేలోపే రెండోది పేల్చాడు, మూడోది పేల్చాడు. మ్యాగజైన్ ఖాళీ. నాలుగు సెకన్లు పట్టి ఉంటుందన్నాడు. బోల్ట్ యాక్షన్ అయితే ఆ నాలుగు సెకన్లలో చేతికి ఒక పని ఉండేది, బహుశా బుర్రకీ ఉండేది. ఇది నేననుకున్నాను, అనలేదు.

మూడు వందల ఎనభై గజాలు నడిచి వెళ్ళి చూస్తే రాళ్ళ మీద రక్తం ఉంది. ఫోన్ లైటు వేసుకుని జాడ పట్టుకున్నాడు. కంచె దగ్గర ఆగింది. కంచె అవతల వేరేవాళ్ళ రాంచ్. గాయపడిన జంతువు వెంటైనా సరే, ఆ భూమి యజమాని ఒప్పుకోకుండా కంచె దాటడం టెక్సాస్‌లో నేరం. లీజు ఇచ్చినాయన పక్కాయనకి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు. వీసా మీద ఉన్నవాడు రాత్రిపూట చేతిలో రైఫిల్‌తో పరాయి కంచె దాటితే ఏమవుతుందో బావకి ఎవరూ చెప్పక్కర్లేదు. గంటన్నర అక్కడే నిలబడ్డాడట. ఒకసారి అవతల ఆకుల చప్పుడు వినిపించిందట.

"రక్తం ఎలా ఉంది?" అని అడిగాను.

"ఎలా ఉండటమేంటి?"

"నురగ ఉందా? వాసన చూశావా?"

కాసేపు మాట్లాడలేదు. "గడ్డి వాసన," అన్నాడు. అతనికి ఆ కథ తెలుసు. అత్తకి కూడా నాన్న చెప్పినట్టే చెప్పడం వచ్చు.

నాన్న వరండాలోంచి చూస్తున్నాడు. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టలేదు, అయినా ఆయనకి అర్థమైంది. చెవి మెషీన్ తీసి పక్కన పెట్టి పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు పది గంటలకి పక్కాయన ఫోన్ ఎత్తాడు, రమ్మన్నాడు, కూడా వెతికాడు. గద్దలు తిరగడం చూసి చోటు కనిపెట్టారు. రాత్రి కయోటీలు వచ్చిపోయాయి. కంచె నుంచి నూట ఇరవై గజాలు, అంతే. బావ ఫొటో పంపలేదు. పక్కాయన ఏమన్నాడని అడిగితే, ఏమీ అనలేదు, తనకీ ఒకసారి ఇలా అయిందన్నాడు, కాఫీ ఇచ్చాడు అన్నాడు.

నేను ఆ వారమంతా నాకు నేను చెప్పుకున్న సమాధానాలు ఇక్కడ రాస్తే వ్యాసం రెట్టింపవుతుంది. కొట్టింది నేను కాదు. మూడు వందల ఎనభై గజాలు కొట్టమని నేనెక్కడా చెప్పలేదు. ఏ రైఫిలైనా తప్పు చోట తగిలితే ఇంతే. ఇవన్నీ నిజాలే. ఇంకోటి కూడా నిజం. జీవితంలో ఒక్క తూటా పేల్చకుండా, తిరువూరు వరండాలో కూర్చుని, ఆ చావుకి కావలసిన సరంజామా అంతా నేనే ఎంచి ఇచ్చాను. ఎంచేటప్పుడు చాలా సరదా పడ్డాను. నేను నిలబడ్డ దూరానికి పద్నాలుగు వేల కిలోమీటర్లు కూడా చాలవు.

సంక్రాంతికి నాన్నా నేనూ విజయవాడ వెళ్ళాం. తాతయ్య 2011లో పోయాక ఆయన తుపాకిని అక్కడ ఒక ఆయుధాల డీలరు దగ్గర పెట్టాం, అప్పట్నుంచీ ఏడాదికింతని అద్దె కడుతున్నాం. అమ్మేద్దామని నాన్న చాలాకాలంగా అంటున్నాడు. డీలరు రెగ్జిన్ సంచీ విప్పి బల్ల మీద పెట్టాడు. అంత చిన్నదని నేను ఎప్పుడూ అనుకోలేదు. కర్ర మడమ మీద చెయ్యి ఆనే చోట రంగు పోయి నున్నగా మెరుస్తోంది. పాత ఒంటిగొట్టానికి ఇప్పుడు గిరాకీ లేదన్నాడు డీలరు. కట్టిన అద్దె అంత కూడా రాదు. వారసుడి పేరు మీద లైసెన్సుకి పెట్టుకోవచ్చు కదా అని నా వైపు చూశాడు. నాన్న కూడా చూశాడు. ఇంకో ఏడాది అద్దె కట్టి వచ్చేశాం. దారిలో మైలవరం దగ్గర టీ తాగుతూ నాన్న, "వాడు ఆ రైఫిల్ ఉంచుకున్నాడా?" అని అడిగాడు. ఉంచుకున్నాడు.

ఫిబ్రవరిలో బావ మళ్ళీ ఫోన్ చేశాడు. స్కోపు మార్చుదామనుకుంటున్నాడట, లేకపోతే రైఫిలే అమ్మేసి చిన్న తూటాది, బోల్ట్ యాక్షన్‌ది తీసుకుందామా అనుకుంటున్నాడట. ఇంకా తేల్చుకోలేదు. పాత షీట్ తెరిచి చూస్తున్నానన్నాడు.

"బామ్మర్దీ, ఇందులో ఎఫ్ తరవాత హెచ్ ఉందేంట్రా? జి ఏది?"

రైట్ క్లిక్ ఎక్కడ చెయ్యాలో చెప్పాను. అతను చదువుతున్నంతసేపూ ఫోన్ పెట్టెయ్యలేదు.